రంగుల్లో వాటాలు వెతక్కండి

ఆగస్టు వచ్చిందంటే మా ఢిల్లీలోని ద్వారక సెక్టార్లలో అపార్ట్‌మెంట్ల గేట్ల మీద, బాల్కనీల్లో, ఆటోల అద్దాల పక్కన మూడు రంగుల జెండాలు వెలుస్తాయి. ఢిల్లీ అంతటా 500 చోట్ల 115 అడుగుల స్తంభాల మీద జెండాలు నిలపాలని 2021లో అప్పటి ఢిల్లీ ప్రభుత్వం బడ్జెట్లో 45 కోట్లు పెట్టింది. ఆ స్తంభాలు ద్వారకలోనూ లేచాయి. ఆ వారమంతా బడుల్లో క్విజ్‌లు, ఉపన్యాస పోటీలు. అన్నిట్లోనూ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటే: మూడు రంగులకు అర్థమేమిటి? త్యాగం, శాంతి, పాడిపంటలు అని పిల్లలు తడుముకోకుండా చెప్పేస్తారు. పెద్దల మధ్య, అందులోనూ ఎన్నికల రోజుల్లో, మరో జవాబు చలామణిలో ఉంటుంది. కాషాయం ఫలానా మతం వారిది, ఆకుపచ్చ ఫలానా వారిది, తెలుపు మిగిలినవారిది. మొదటిది బట్టీ, రెండోది పంపకం. జెండా రంగులకు అధికారికంగా అర్థాలు పంచిపెట్టకపోవడమే మేలని, వాటాలు ఉండాల్సింది చట్టంలోనేగానీ గుడ్డలో కాదని నా వాదన. ఈ పని తెలిసి చేసిన దేశం దక్షిణాఫ్రికా. మనం కూడా ఒకప్పుడు రంగుల్లో మతాల వాటాలు వద్దనుకుని, తర్వాత మరిచిపోయాం.

దక్షిణాఫ్రికాలో అన్ని జాతుల ప్రజలూ జాతీయ ఎన్నికల్లో తొలిసారి సమానంగా ఓటేసిన 1994 ఏప్రిల్ 27నే కొత్త జెండా ఎగిరింది. దానికి ఆరు వారాల ముందు వరకు ఏ జెండా ఎగరాలో తేలలేదు. ప్రజల్ని అడిగితే ఏడు వేలకు పైగా నమూనాలు వచ్చిపడ్డాయి, ఒక్కటీ నిలవలేదు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తరఫున సిరిల్ రామఫోసా, నేషనల్ పార్టీ ప్రభుత్వం తరఫున రూల్ఫ్ మేయర్ ఈ చిక్కు విప్పే బాధ్యత తలకెత్తుకున్నారు. చివరికి ప్రభుత్వ చిహ్నాల అధికారి ఫ్రెడరిక్ బ్రౌనెల్ గీసిన నమూనా మార్చి 15న ఖాయమైంది. అయిదేళ్ళకు తాత్కాలిక ఏర్పాటు మాత్రమే అన్నారు. జనం దాన్ని వదలలేదు. 1996 రాజ్యాంగంలో మొదటి షెడ్యూలుగా చేరిపోయింది. ఆ షెడ్యూలులో ఉన్నదంతా కొలతలే. ఏ పట్టీ ఎంత వెడల్పు, ఏ రంగు ఏ రంగును ఆనుకుని ఉండాలి, అంతే. నలుపు, బంగారు, ఆకుపచ్చ, తెలుపు, నీలం, వీటితో పాటు మిరపపండు ఎరుపు. ఆ ఎరుపుకు మిరప పేరే రాజ్యాంగంలో పెట్టుకున్నారు, గుంటూరు వారికి ముచ్చటేసే విషయం. ఏ రంగు దేనికి గుర్తో ఒక్క ముక్క లేదు. పైగా ఈ రంగులకు అందరికీ వర్తించే అర్థమంటూ ఏదీ అంటగట్టవద్దని ప్రభుత్వమే తన వివరణలో చెప్తుంది. రెండు పాయలుగా మొదలై ఒక్కటై సాగే ఆకుపచ్చ పట్టీ ఆకారానికి మాత్రం వేర్వేరు జనాలు కలిసి ముందుకు నడవడం అనే భావం చెప్పుకుంటారు.

నలుపు, ఆకుపచ్చ, బంగారు రంగులు ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ జెండాలో ఉన్నవని, ఎరుపు, తెలుపు, నీలం బ్రిటన్ జెండాలోనూ, డచ్చి సంతతి తెల్లవారైన బోయర్ల రిపబ్లిక్కుల జెండాల్లోనూ ఉన్నవని అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. తెలిసినా ఆ ముక్క చట్టంలో రాయలేదు. ఎందుకు రాయలేదో అర్థం కావాలంటే అంతకు ముందున్న జెండా చూడాలి. 1920ల్లో ఆ దేశంలో జెండా కోసం తెల్లవారిలోనే రెండు వర్గాలు కొట్లాడుకున్నాయి. బ్రిటిష్ జెండా ఉండితీరాలని నేటాల్ ఇంగ్లిషువారు, అది మా మీద గెలిచినవాడి గుర్తు అని బోయర్ల వారసులైన ఆఫ్రికానర్లు. ఈ రగడ నడిపిన మంత్రి డి.ఎఫ్. మలన్, ఇరవయ్యేళ్ళ తర్వాత ప్రధానిగా అపార్తీడ్ అనే జాతి వివక్షను ప్రభుత్వ విధానం చేసిన మనిషే. 1928 మే 31న ఎగిరిన రాజీ జెండాలో నారింజ, తెలుపు, నీలం పట్టీలున్నాయి. నడిమి తెలుపులో మూడు బుల్లి జెండాలు: ఒకటి బ్రిటన్‌ది, మిగతా రెండు బోయర్ రిపబ్లిక్కులైన ఆరెంజ్ ఫ్రీ స్టేట్, ట్రాన్స్‌వాల్‌లవి. పంపకం ఇంత నిక్కచ్చిగా జరిగిన జెండా ప్రపంచంలో మరోటి ఉందా అనిపిస్తుంది. పంచుకున్నవారు ఇద్దరే. దేశంలో అత్యధికులైన నల్లవారికి అందులో అంగుళం చోటు లేదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో డర్బన్ చేరిన చెరకుతోటల కూలీలకు, వారి వెనకే దశాబ్దాల పాటు వెళ్ళిన తెలుగు, తమిళ కుటుంబాలకు అసలే లేదు. వాటాల జెండాకున్న రోగం ఇదే. వాటా దొరికినవాడు మురుస్తాడు, దొరకనివాడు ఆ జెండా కింద ఎన్నాళ్ళున్నా పరాయివాడే.

ఇదంతా మనకెందుకు అనేవారు మన జెండా కథ ఒకసారి తిరగెయ్యాలి. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య బోయర్ యుద్ధానికి సైనికుడిగా వెళ్ళింది ఆ దక్షిణాఫ్రికాకే. 1916లో ముప్పై దాకా జెండా నమూనాలతో ఆయన పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీ అడిగితే ఎరుపు, ఆకుపచ్చ రంగులతో జెండా గీసిచ్చారు. హిందువులకు ఎరుపు, ముస్లింలకు ఆకుపచ్చ. మిగతా మతాల కోసం తెలుపు చేర్చమన్నది గాంధీ. ఉద్దేశం ఐక్యతే, సందేహం లేదు. కానీ రంగుకో మతం అని ఒకసారి చెప్పాక ఊరుకుంటారా? 1924లో కలకత్తా సంస్కృత సభ నుంచి కాషాయం, విష్ణువు గద చేర్చమన్న విన్నపం వచ్చింది. తమ రంగు ఏదని సిక్కులు గట్టిగానే అడిగారు. వారు అడగడంలో తప్పేముంది? లెక్క మొదలుపెట్టిందే కాంగ్రెస్. దాంతో 1931లో ఏడుగురితో ఒక సంఘం వేశారు. పటేల్, నెహ్రూ, ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హార్డీకర్ సభ్యులు. సంఘాన్ని నడిపింది మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. మతాల లెక్క పూర్తిగా తప్పించడానికి వారు జెండా అంతా ఒకే కాషాయం, మూలన రాట్నం అని సిఫార్సు చేశారు. ఆ ఒంటి రంగే మళ్ళీ ఒక మతానిదిగా కనబడే ప్రమాదం ఉంది కదా. ఆగస్టులో బొంబాయిలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దాన్ని కాదని, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ నీలి రాట్నం ఎంచుకుంది. ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానంలోనే రాసుకుంది. కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు సత్యశాంతులకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యాలకు అని చెప్పింది.

1947 జులై 22న రాజ్యాంగ సభలో అశోక చక్రంతో ఈ జెండాను ప్రతిపాదిస్తూ నెహ్రూ, దీన్ని మతాల లెక్కన చూడవద్దని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు రాధాకృష్ణన్ ఆకుపచ్చను నేలతో, పైరుపచ్చతో మన బంధంగా వివరించారు. పదహారేళ్ళ కిందటి తీర్మానంలో అదే ఆకుపచ్చ విశ్వాసశౌర్యాలు. అంతకు పదేళ్ళ ముందు ఒక మతం. రంగు మారలేదు, చెప్పుకునే అర్థమే రెండుసార్లు మారింది. నమ్మకం కుదరకపోతే పశ్చిమాఫ్రికాలో నైజర్ జెండా చూడండి. 1959లో స్వీకరించిన ఆ జెండాలో పైన నారింజ, మధ్య తెలుపు, కింద ఆకుపచ్చ, చక్రం చోట నారింజ బిళ్ళ. దూరం నుంచి మనదేనా అనిపిస్తుంది. అక్కడివారికి ఆ నారింజ సహారా ఎడారి, ఆకుపచ్చ సాగయ్యే దక్షిణ భూములు, ఆ బిళ్ళ సూర్యుడు. రంగుకు పుట్టుకతో అర్థం ఉంటే ఇది కుదిరేదా?

అర్థమే లేకపోతే జెండా ఉట్టి గుడ్డే కదా అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. అర్థం లేకుండా పోదు, రాసిపెట్టిన వాక్యం నుంచి కాక జరిగిన చరిత్ర నుంచి వస్తుంది. 1992 ఆగస్టులో జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్కులో న్యూజిలాండ్‌తో రగ్బీ ఆట చూడడానికి వచ్చిన తెల్ల ప్రేక్షకులు, వద్దని ముందే అనుకున్నా, పాత జెండాలు ఊపి రెచ్చగొట్టారు. 1995 జూన్ 24న అదే మైదానంలో అదే న్యూజిలాండ్‌తో ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు స్ప్రింగ్‌బాక్ చొక్కా వేసుకుని అధ్యక్షుడు మండేలా వచ్చారు, గ్యాలరీల్లో కొత్త జెండాలు రెపరెపలాడాయి. ఆ రోజు ఆ జెండాకు దక్కిన అర్థం ఏ షెడ్యూలులో రాస్తే వస్తుంది? పాత జెండాకు వచ్చిన అర్థమూ అలాంటిదే. దాన్ని నిష్కారణంగా ప్రదర్శించడం ద్వేష ప్రకటనే అని 2019లో సమానత్వ న్యాయస్థానం తేల్చింది, 2023లో అప్పీలు కోర్టూ బహిరంగ ప్రదర్శనల విషయంలో ఆ మాటే అంది. కోర్టు చూసింది నారింజ, నీలం రంగుల్ని కాదు, ఆ జెండా కింద ఏం జరిగిందన్నదాన్ని.

అధికారిక అర్థం ఉంటే కనీసం ఎవరూ జెండాను సొంతం చేసుకోలేరు కదా అనేది ఇంకో వాదన. ఘనా అనుభవం అందుకు ఒప్పుకోదు. 1957లో థియోడోసియా ఒకో రూపొందించిన ఘనా జెండాలో ప్రతి రంగుకూ అర్థముంది: ఎరుపు పోరాటంలో పోయినవారి నెత్తురు, బంగారు రంగు ఖనిజ సంపద, ఆకుపచ్చ అడవులు, నల్ల నక్షత్రం ఆఫ్రికా విముక్తి. ఎంత చక్కని అర్థాలో! 1964లో దేశం ఒకే పార్టీ పాలనలోకి వెళ్ళగానే పసుపు పోయి తెలుపు వచ్చింది, ఎందుకంటే పాలక పార్టీ రంగులు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. 1966లో అధ్యక్షుడు ఎన్‌క్రూమా ప్రభుత్వం కూలాక పసుపు తిరిగొచ్చింది. ఖనిజ సంపద అన్న అర్థం ఆ రెండేళ్ళు జెండాను కాపాడలేకపోయింది.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం వేరే ఉంది. ఎవరి పేరూ చెప్పని దక్షిణాఫ్రికా జెండాలోని ఆ ఆరు రంగులు అందరూ ఒక్కటే అన్న భ్రమ కల్పించి, భూమీ డబ్బూ ఎవరి చేతుల్లో ఉన్నాయన్న ప్రశ్నను కప్పిపెట్టాయని అక్కడి యువతలో చాలామంది అంటారు. ఆదాయ అసమానతల్లో ఆ దేశం ప్రపంచంలో అందరికన్నా ముందు వరసలో ఉందన్నది నిజం. ఆ కోపాన్ని కొట్టిపారెయ్యలేం. అయితే ఆ కోపం జెండాలో తమ రంగు కోసం కాదు, కూలి కోసం, నేల కోసం. 2022లో ఒక మంత్రి రెండు కోట్ల ఇరవై లక్షల రాండ్లతో నూరు మీటర్ల పైచిలుకు స్తంభం మీద మహా జెండా ఎగరేస్తామంటే జనం తిరగబడ్డారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఉద్యోగాల్లేని చోట స్తంభమెందుకని అడిగారు. 500 స్తంభాలకు మన ఊళ్ళో ఆ ప్రశ్న అంత గట్టిగా వినబడలేదు.

తెలుగువారు గమనించాల్సిన సంగతి దక్షిణాఫ్రికా రాజ్యాంగంలోనే మరొకటుంది. ఆరో సెక్షన్ భాషల గురించి. దేశంలో జనం వాడే భాషల పట్ల గౌరవం ఉండేలా చూడాలని అది భాషా మండలికి బాధ్యత అప్పగిస్తూ కొన్ని భాషల పేర్లు చెప్తుంది. గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూల సరసన తెలుగు కూడా ఉంది. 1931 నుంచి అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను నిలుపుకొస్తున్న చెరకుతోటల కూలీల సంతతికి ఆ దేశం జెండాలో రంగు ఇవ్వలేదు, చట్టంలో పేరు ఇచ్చింది. రంగు చూపించి ఎవరూ దావా వెయ్యలేరు, సెక్షన్ చూపించి వెయ్యవచ్చు. మన దేశంలోనూ అల్పసంఖ్యాకుల హక్కులు 29, 30 అధికరణల్లో ఉన్నాయిగానీ తెలుపు పట్టీలో లేవు.

కాబట్టి వచ్చే ఆగస్టు క్విజ్‌లో అర్థాలు అడగడం మానేసి, 1921 నాటి ఎరుపు 1931కి ఎందుకు పోయిందని అడగాలి. అంత లోతు పిల్లలకెందుకు, టైమెక్కడిది అని టీచర్లు అనవచ్చు. 1947 జులై 22 నాటి చర్చ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంది. ఆదివాసుల తరఫున జైపాల్ సింగ్, ఆంగ్లో ఇండియన్ల తరఫున ఫ్రాంక్ ఆంథొనీ, ముస్లిం లీగ్ నుంచి ఖలీకుజ్జమాన్, అందరి తర్వాత సరోజినీ నాయుడు మాట్లాడిన మాటలు రెండు పీరియడ్లలో చదివేయవచ్చు. ఇక ఆగస్టు 2న పింగళి జయంతికి ఆయన పటానికి దండ వేసి ఊరుకునే తెలుగు సంఘాలు, ఢిల్లీలోవైనా హైదరాబాదులోవైనా, ఆయన పుస్తకంలోని నమూనాలన్నీ పెద్దవి చేయించి ఒక గోడకు వేలాడదీయాలి. పట్టాభి సంఘం సిఫార్సు చేస్తే కాంగ్రెస్ కాదన్న ఒంటి కాషాయ జెండాను కూడా వాటి పక్కనే పెట్టాలి.