ఆంగ్లేయుల ప్రాతరాశము

ఆంగ్లేయుల వంటను గూర్చి లోకమున మంచిమాట పలుకువారు అరుదు. ఫ్రెంచివారు నవ్వుదురు. ఇటలీవారు జాలిపడుదురు. మనవారు ఉప్పుకారములు లేని చప్పిడి కూడని యొక్కమాటతో తేల్చివేయుదురు. ఈ నిందలో నిజము బొత్తిగా లేకపోలేదు. వారి యుడికించిన కాబేజీని సమర్థించుటకు మేము పూనుకొనలేదు. కాని యా దేశమున దినమున కొక్కమారు ఎవ్వరియెదుటను తలవంచుకొన నక్కరలేని భోజనము సిద్ధమగుచుండెడిది. పెనముమీద వేడివేడిగా వండి, పళ్లెము నిండ వడ్డించి, కాల్చిన రొట్టెతోడను తేనీటితోడను భుజించు నా పాతకాలపు ప్రాతరాశమును గూర్చి మా యభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాము.

వారు దీనిని 'బ్రేక్‌ఫాస్టు' అందురు. రాత్రి యుపవాసమును విడుచుట యని దాని యర్థము. ఏకాదశి యుపవాసము చేసినవారు ద్వాదశినాడు చేయు పారణ యెట్టిదో ఈ పేరును అట్టిదే. ఉపవాసము ఒక్క రాత్రిదే యైనను పారణ మాత్రము ఘనముగ నుండును.

పళ్లెమున మొదట గౌరవము బేకనునకు. పంది వీపుభాగపు మాంసమును ఉప్పుతో నిలువచేసి పలుచగా కోసిన ముక్కలకు ఈ పేరు. ఉప్పునీట నానబెట్టి నిలువచేయు విల్ట్‌షైరు పద్ధతి అందు ప్రసిద్ధము. అమెరికావారు పొట్టభాగపు మాంసమును వాడుదురు గనుక వారి ముక్కలు కొవ్వు చారలతో సన్నగా నుండును. ఆంగ్లేయుల ముక్క వెడల్పై, మాంసము హెచ్చుగ నుండును. పిదప సాసేజీలు. తరిగిన మాంసమును రొట్టెపొడితోను దినుసులతోను కలిపి ప్రేవుతోలులో కూరి వీనిని చేయుదురు. లింకన్‌షైరువారు సేజి యను నాకును వేయుదురు. కంబర్లండువారు ముక్కలు చేయక పామువలె చుట్టగా చుట్టి వేయింతురు. వీని ప్రక్కన వేచిన గ్రుడ్లు, రెండుగా కోసి మాడ్చిన టమాటా, వెన్నలో మగ్గిన పుట్టగొడుగులు, కొవ్వులో వేచిన రొట్టెముక్క. ఉత్తరదేశములో, ముఖ్యముగా లాంకషైరులోని బెరీ పట్టణమున పేరుగాంచిన నల్లపుడ్డింగు గూడ నుండును. పంది నెత్తురును ఓట్సుతోను బార్లీతోను కలిపి చేసిన పదార్థ మిది. ఇది చదువగానే ముఖము త్రిప్పుకొనువారు మా పాఠకులలో చాలమంది యుందురని యెరుగుదుము. అట్టివారు దానిని పళ్లెపు టంచునకు నెట్టివేయవచ్చును. ఆంగ్లేయులలోనే సగముమంది యట్లు చేయుదురేమో.

ఇక రుచి యెక్కడ నున్నదందురా? ఒక్కొక్క వస్తువును విడివిడిగా తినిచూచిన గొప్ప యేమియు తోచదు. బేకను ఉప్పన. రొట్టె చప్పన. టమాటా పుల్లన. వానిని కలుపునది గ్రుడ్డులోని పచ్చసొన. కత్తిమొనతో దానిని చిదిపినప్పుడు అది మెల్లగా ప్రవహించి రొట్టెను తడిపి, పుట్టగొడుగుల నంటుకొని, బేకనుయొక్క యుప్పును మెత్తపరచును. మన ముద్దపప్పు అన్నమునకు నెయ్యి యెట్టిదో యా పళ్లెమునకు పచ్చసొన యట్టిది. సొన గట్టిపడువరకు గ్రుడ్డును వేచిన వంటవాడు నేయి లేని పప్పన్నమును వడ్డించినవాడే. టమాటా పులుపు నడుమ నడుమ నోటిని శుభ్రపరచి తరువాతి ముద్దకు సిద్ధముచేయును. మన భోజనమున ఊరగాయ చేయు పని యిదియే. అన్నియు ముగిసిన పిమ్మట కాల్చిన రొట్టెమీద వెన్నయు, దానిపై మార్మలేడును. స్పెయినుదేశపు సెవిల్ నగరమునుండి చలికాలమున వచ్చు చేదు నారింజలను తొక్కతో సహా చక్కెరపాకమున నుడికించి దీనిని చేయుదురు. ఆ తీపిలోని చేదు జిడ్డు నంతయు నోటినుండి తుడిచివేయును. ఇట్లు ఉప్పుతో మొదలై చేదుతీపితో ముగియు వరుస నేర్పరచినవారిని రుచి తెలియనివారనుట న్యాయముకాదు.

ఈ భోజనము పూర్వ మింతకంటె విస్తారముగ నుండెడిది. 1861వ సంవత్సరమున వెలువడిన ఇసబెల్లా బీటను గృహనిర్వహణ గ్రంథమున ప్రాతరాశమునకు తగినవని కాల్చిన చేపలు, గొఱ్ఱెమాంసపు ముక్కలు, మూత్రపిండములు, సాసేజీలు, బేకను, గ్రుడ్లు మొదలగునవి యనేకము చెప్పబడినవి. ధనికుల పల్లెటూరి భవనములలో వెండి మూతల క్రింద ఇట్టివన్నియు వరుసగా నుంచబడుచుండెను. అతిథులు లేచినప్పుడు లేచి, తమంతట తామే వడ్డించుకొనుచుండిరి. ఆ మూతలలో నొకదాని క్రింద మనకు చుట్టమైన యొక వంటక ముండెడిది. దానిపేరు కెజరీ. మన కిచ్చిడియే సముద్రము దాటి యీ పేరు దాల్చినది. పప్పు పోయి పొగబెట్టిన హాడకు చేపయు, ఉడికించిన గ్రుడ్డును వచ్చినవి. పసుపువన్నెయు, మసాలా వాసనయు మిగిలినవి. కిచ్చిడిలో చేప యేమిటని మన బామ్మలు చెవులు మూసికొందురుగాక, ఆ వంటకము రుచికరమైనదే.

నిజమునకు ఆంగ్లేయులదని చెప్పబడు ఈ పళ్లెమున వారి నేలమీద పుట్టినవి ఎన్ని? టమాటా దక్షిణ అమెరికాది. నారింజ స్పెయినుది. ఇప్పుడు పళ్లెమున స్థానము సంపాదించిన చిక్కుడు గింజలు గూడ అమెరికా మొలకలే. హైన్జు కంపెనీవారి డబ్బాలు 1886లో లండనులోని ఫోర్ట్‌నం అండ్ మేసను దుకాణమున మొదట అమ్మకమునకు వచ్చినప్పుడు అవి సంపన్నులు కొను వింత సరకు. తేనీటి సంగతి చెప్పనేల? 1839లో అస్సాము తేయాకు లండను వేలమునకు మొదటిసారి చేరినది. దానికి పూర్వము చీనాదేశపు తేయాకే గతి. పాలు పోసినను నీరుగారిపోని చిక్కని యుదయపు తేనీరు అస్సాము తోటల చలువయే. ఇందువలన నా భోజనము గౌరవము తగ్గునని మే మనము. పరదేశపు సరకును తెచ్చుకొని తమ యింటిదిగా చేసికొనుట వంటయింట తప్పుకాదు. మిరపకాయ లేని యాంధ్రభోజనము నూహింపగలమా? అదియు అమెరికానుండి వచ్చినదే గదా!

బీహారులోని మోతిహారిలో 1903లో జన్మించిన ఆంగ్ల రచయిత జార్జి ఆర్వెల్ ఈ భోజనమునకు గట్టి వకీలు. 1946లో బ్రిటిషు కౌన్సిలువారు కోరగా స్వదేశపు వంటలనుగూర్చి యాయన యొక వ్యాసము వ్రాసెను. ఉదయ భోజనము చిరుతిండి కాదనియు, అది తీరికగా కూర్చుండి చేయవలసిన కార్యమనియు నందు ఆయన వాదము. మొదట జావ, పిదప చేపయో మాంసమో గ్రుడ్లో, చివర రొట్టెయు మార్మలేడును, ఇది యాయన చెప్పిన క్రమము. కాని కౌన్సిలువారు దానిని ప్రచురింపలేదు. ఐరోపా యంతయు ఆకలితో నున్న యా కాలమున తిండిని వర్ణించుట బాగుండదని వారికి తోచినది. పైగా ఆయన మార్మలేడు చేయు విధానమున చక్కెర యెక్కువైనదని గూడ తప్పుపట్టిరి. 73 సంవత్సరముల తరువాత, 2019లో, ఆ సంస్థవారు క్షమాపణ చెప్పి వ్యాసమును ప్రకటించిరి. అప్పటికి ఆర్వెల్ మరణించి 69 ఏండ్లైనది.

ఆకలి మాట యబద్ధముకాదు. 1940 జనవరి 8వ తేదీనుండి బేకనును, వెన్నను, చక్కెరను ఆ దేశమున చీట్లమీద కొలిచి యిచ్చిరి. యుద్ధకాలమున సాధారణముగా మనిషికి వారమునకు 4 ఔన్సుల బేకను, అనగా ఇంచుమించు 113 గ్రాములు, తేయాకు 2 ఔన్సులు, గ్రుడ్డు ఒక్కటి. గ్రుడ్డు దొరకనినాడు అమెరికానుండి వచ్చిన గ్రుడ్డుపొడిని నీట కలిపి పెనముమీద పోసికొనెడివారు. 1954 జూలై 4వ తేదీ వరకు మాంసమునకు పూర్తి స్వేచ్ఛ రాలేదు. పదునాలుగేండ్లు వేచినవారికి ఆ పళ్లెమునందు ప్రీతి యెక్కువ యగుటలో నాశ్చర్య మేమున్నది? ఆ తరువాతి కాలమున కర్మాగారముల దగ్గర, బండ్లు నిలుచు రహదారుల ప్రక్కన, చిన్నచిన్న ఫలాహారశాలలలో ఇది సామాన్యుల భోజనమై స్థిరపడినది. 'జిడ్డు చెంచాలు' అని యా శాలలకు ఎగతాళిపేరు. లండను తూర్పుభాగమున బెత్నల్ గ్రీనులో 1900లో తెరువబడి ఒక ఇటలీ కుటుంబముచే నడుపబడుచున్న పెల్లిచ్చీవారి శాలను 2005లో రక్షింపదగిన కట్టడముల పట్టికలో చేర్చిరి. రాజభవనములకు చేయు మర్యాదను వేపుడుపెనము గల యింటికిని చేసిన యా పాలకులను మేము మెచ్చుకొనుచున్నాము.

అయితే నిండు పళ్లెము అందరి పాలును కాలేదని గూడ చెప్పవలయును. వెండిమూతల కాలముననే మిల్లు కూలివాని బిడ్డ రొట్టెముక్కను పలుచని తేనీటను ముంచుకొని బడికి పోయెడిది. 1906లో పాఠశాలలలో భోజనము పెట్టుటకు స్థానిక సంస్థల కధికార మిచ్చు చట్టము వచ్చినది. మరుసటియేట బ్రాడ్‌ఫర్డు నగరమున నలువదిమంది పేదపిల్లలకు ఉదయమున ఓట్సుజావ, రొట్టె, పాలు, మధ్యాహ్నమున వండిన భోజనము కొన్ని వారములు పెట్టి బరువు తూచిచూచిరి. తిన్న వారములలో బరువు పెరిగినది. సెలవులు వచ్చి బడి మూయగానే తగ్గినది. ఆ పట్టికయే తరువాతి వాదములకన్నిటికి జవాబు. ఇప్పటికిని ఆ సమస్య తీరలేదు. 2025 ఏప్రిలులో ఇంగ్లండు ప్రభుత్వము 750 ప్రాథమిక పాఠశాలలలో ఉచిత ప్రాతరాశము నారంభించినది. ఉదయమున వేడిగా తినుట భోగమని నిందించువారు ఆ బ్రాడ్‌ఫర్డు పిల్లలను తలచుకొనవలెనని మా మనవి. మా పాఠశాలలో మొదటి గంటకే కండ్లు తేలవేయు విద్యార్థిని సోమరియని మందలించుటకు ముందు ఉపాధ్యాయు లొక ప్రశ్న నడిగిన మంచిది: నేడు నీవేమి తినివచ్చితివి?

మాంసము ముట్టనివారికి ఇందేమి పాలున్నదని కొందరడుగవచ్చును. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను చేరిన గాంధిగారికి ఈ చిక్కే వచ్చినది. తల్లికిచ్చిన మాట వలన బేకనును గ్రుడ్డును ఆయనకు పనికిరావు. ఉదయపు ఓట్సుజావ యొక్కటే కొంత కడుపు నింపెననియు, తక్కిన పూటల నాకలితో గడిపితిననియు నాయన యాత్మకథలో తెలిపినారు. తరువాత వేరుగదిలో నుండి ఆ జావను తామే కాచుకొనిరి. నేడాయన యా నగరమున కేగినయెడల అంత కష్టము లేదు. మాంసము లేని పళ్లెములు ఇప్పు డనేక శాలలలో దొరకును.

వైద్యుల మాటను గూడ దాచము. ఉప్పుతో నిలువచేసిన మాంసములు క్యాన్సరునకు కారణములని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పరిశోధక మండలివారు 2015లో నిర్ణయించిరి. కావున దినదినమును బేకను తినుమని మేము చెప్పము. ఆంగ్లేయులే తినుటలేదు. పనిదినములలో వారు డబ్బాలోని పొడి అటుకులవంటి వానిపై పాలు పోసికొనియో, ఏమియు లేకయో పరుగెత్తుచున్నారు. నిండు పళ్లెము శని ఆదివారములకు, హోటళ్లకు మిగిలినది. మాకు విచారము కలిగించునది మాంసము తగ్గుట కాదు. ఇంటివారందరు ఒక బల్లచుట్టు కూర్చుండు నా అరగంట పోవుట. వారమున కొక్కమారైనను దానిని నిలుపుకొనుట మేలు. ఆ యరగంటకు ఆంగ్లేయుల పళ్లెమే కావలెనని లేదు, ఇడ్డెనలైనను చాలును.

చేయదలచినవారికి వరుస మాత్రము చెప్పుదుము. సాసేజీలు ముందు, సన్ననిమంటమీద, ఇరువది నిమిషములు. త్వరపడిన పైన మాడి లోపల పచ్చిగ నుండును. తరువాత బేకను. దాని కొవ్వులో టమాటా, పుట్టగొడుగులు, రొట్టె. మాంసము వలదనువారు వెన్నయు, ఉడికించి వేచిన బంగాళాదుంపలును వాడవచ్చును. గ్రుడ్లు అన్నిటికంటె చివర, పళ్లెములు వెచ్చచేసి, తినువారు బల్లదగ్గరకు వచ్చిన పిదపనే. చిక్కుడుగింజల విషయమున ఆంగ్లేయులలోనే పెద్ద తగవున్నది. వాని ఎఱ్ఱని రసము గ్రుడ్డును తాకరాదని కొందరు, తాకినగాని రుచిలేదని కొందరు. మేము మొదటి పక్షమువారము. వానిని వేరుగ నొక చిన్న గిన్నెలో పెట్టింతుము.