మా జిల్లాల లెక్క ఎక్కడుంది?

ముఖ్యమంత్రి గారికి, కర్నూలు, కడప జిల్లాల కలెక్టర్లకు,

అయ్యా,

2019లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,39,123 మంది. కరోనా వచ్చిన 2020లో 1,53,052. ఆ మరుసటేడు 1,64,033. ఇవి జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా అచ్చేసే పుస్తకంలోని అంకెలే. అదే పుస్తకంలో కర్నూలు జిల్లాకెంత, కడపకెంత అని వెతికితే దొరకదు. రాష్ట్రాలకు లెక్క ఉంటుంది, పెద్ద నగరాలకు ఉంటుంది. మన రాష్ట్రం నుంచి విజయవాడ, విశాఖ ఉన్నాయి. ఆదోనిలో పోయినవాడు, పులివెందులలో పోయినవాడు రాష్ట్రం మొత్తంలో కలిసిపోతాడు.

కరోనా తొలి నెలల్లో ఆత్మహత్యలు పెరగలేదని 2021లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ ఒక అధ్యయనం అచ్చేసింది. చాలామంది హమ్మయ్య అనుకున్నారు. అందులో చూసిన 21 దేశాల్లో 16 సంపన్న దేశాలు, మిగిలిన ఐదూ మనకంటే ఒక మెట్టు పైనున్నవి. మనలాంటి దేశం ఒక్కటీ లేదు. లెక్క లేనివాళ్ల గోడు ఎవరి అధ్యయనంలోకి ఎక్కుతుంది?

కోసిగి, పెద్దకడుబూరు వైపు ‘సుగ్గికి పోయినారు’ అంటే తమకు తెలిసే ఉంటుంది. ఇంటికి తాళమేసి, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప కోతలకు పోవడం. ఏడాది అప్పు తీరేది ఆ కూలితోనే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వాళ్లను అక్కడే పట్టేసింది. కోత ఆగింది, కూలి ఆగింది, వడ్డీ మాత్రం ఆగలేదు. రిజర్వు బ్యాంకు ఆర్నెల్లు వాయిదాల మారటోరియం ఇచ్చింది గానీ, నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చిన ఊరి ఆసామికి ఆ మాటతో పనేముంది? దేశంలో ప్రాణం తీసుకున్న రోజుకూలీలు 2019లో 32,563 మంది. 2021లో 42,004. ప్రాణం తీసుకోవడానికి ఒక్కటే కారణం ఉండదని నాకూ తెలుసు. అయినా ఈ తేడా ఊరికే రాలేదు.

కొవిడ్ తేలిన 30 రోజుల్లో ఆత్మహత్య చేసుకున్నా ఆ కుటుంబానికి 50,000 రూపాయల పరిహారం ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు ముందు ఖరారైంది. మంచి పనే. కానీ కువైట్‌లో పని పోయి ఉత్త చేతులతో రాజంపేట దిగినవాడికి పరీక్షలో ఏం తేలుతుంది? వాడి 30 రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి?

రైతు పోతే ఇచ్చే సాయాన్ని 2019లో 7 లక్షలకు పెంచారు. విచారణకు కమిటీ ఇంటికి వస్తుంది. పోయినవాడి భార్య ట్రంకుపెట్టె తెరిచి ప్రామిసరీ నోట్లు, ఎరువుల అంగడి చీటీలు, నీళ్లు పడని బోరు తాలూకు రశీదు ఒక్కొక్కటే చాప మీద పరుస్తుంది. సార్ అడిగేది ఒకటే: ‘పాసుబుక్కు ఎవరి పేరు మీదుందమ్మా?’ మామ పేరు మీదుంటే ఒక తంటా. గుత్తకు చేసిన భూమైతే అసలు మాటే లేదు, సాగుదారు కార్డుకు భూమి ఆసామి సంతకం కావాలి. ఆ సంతకం పెట్టే ఆసామి ఎవరో చూపించండి, నేనే పోయి దండం పెట్టి వస్తాను.

జపాన్‌లో ఈ లెక్క నెలనెలా బయటపెడతారు. 2020లో ఆడవాళ్ల ఆత్మహత్యలు పెరుగుతున్నాయని వాళ్లకు ఆ ఏడే తెలిసిపోయింది. మనకు పుస్తకం వచ్చేసరికి ఆ చావుల సంవత్సరీకాలు కూడా అయిపోయి ఉంటాయి.

మేం అడిగేది కొత్త పథకం కాదు. మండలాల వారీగా, పేర్లు లేకుండా, నెలకోసారి లెక్క చెప్పండి. వృత్తి గడిలో గుత్త రైతు, సుగ్గి కూలీ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడు అని విడివిడిగా రాయించండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చని రైతు సేవా కేంద్రం గోడ మీద, సుగ్గి బండ్లు ఆగే చోట పెద్దక్షరాలతో రాయించండి.

ముందు 2020, 2021 లెక్క తీయించండి. ఆదోని డివిజన్‌తో మొదలుపెట్టినా చాలు. ఇలాంటి ప్రతి చావుకూ పోలీసులు శవపంచనామా రాస్తారు. ఆ కాగితాలు స్టేషన్లలోనే ఉండాలి.

ఇట్లు,
ఆదోని నుంచి ఒక పత్రికా విలేఖరి