చీమ కుట్టినట్టు కాదు

కిందటి సంచికలో బ్యాంకు ఖాతాల నామినేషన్ గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. ఈసారి పద్దుల జోలికి పోవడం లేదు. ఏడాదిగా మా ఇంట్లో నడిచిన ఒక సంగతి చెబుతాను. మా అమ్మాయి అనుమతి తీసుకునే రాస్తున్నాను. "పదిమందికి పనికొస్తుందంటే రాయి నాన్నా, నా పేరు మాత్రం వద్దు" అంది.

సంగతి పచ్చబొట్టు. ఇప్పటి పిల్లలు టాటూ అంటున్నారు. అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎడమచేతి మణికట్టు లోపలివైపు ఒక పేరు, దాని చుట్టూ ఆకుపచ్చ తీగ వేయించుకుంది. ఆ పేరుగల అబ్బాయితోనే నిశ్చితార్థమూ అయింది. తరవాత సంబంధం తప్పిపోయింది. మనుషులు ఎవరి దారిన వారు వెళ్లారు. పేరు మాత్రం చేతిమీద ఉండిపోయింది. దానిమీద వెడల్పు పట్టీ గడియారం పెట్టుకుని తిరిగేది.

తండ్రులు అనే మాటలన్నీ నేనూ అన్నాను. ఒకరోజు తనే వచ్చి, "చెయ్యి కడుక్కున్నప్పుడల్లా ఆ పేరు చదువుకోవాల్సి వస్తోంది నాన్నా. తీయించేసుకుంటాను. కాని నొప్పంటే భయంగా ఉంది" అంది. ఆ మాటతో నా నోరు మూతపడింది.

మా అమ్మకి రెండు చేతులమీదా పచ్చబొట్లుండేవి. "పోయాక మన వెంట వచ్చేది ఇదొక్కటేరా" అనేది. తీయించుకోవడం అనే మాటే ఆవిడ ఎరగదు. నా సంగతి వేరు. డిగ్రీ రెండో ఏడు చదువుతూ బరంపురం ఠాకురాణీ యాత్రలో ఎడమ భుజం కింద అభిమాన హీరో పేరు పొడిపించుకున్నాను. పొడిచినాయన ఒడియా ఆయన, తెలుగు రాదు. కాగితం మీద రాసిస్తే చూసి దించాడు, దీర్ఘం మింగేశాడు. "చిరంజివి" అని పడింది. ఆ అచ్చుతప్పు నిజంగానే చిరంజీవి అయి కూర్చుంది. ఎండాకాలంలోనూ ఫుల్‌హాండ్స్ చొక్కా ఎందుకని ఆఫీసులో అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. అమ్మాయికి ధైర్యం చెప్పడానికి, ముందు నాది తీయించుకుంటానన్నాను.

భువనేశ్వర్‌లో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన చెప్పింది ఇదీ. లేజర్ కాంతి చర్మం కింద ఉన్న సిరాను రెప్పపాటుకంటే ఎన్నో రెట్లు తక్కువ సమయంలో పొడిపొడి చేస్తుంది. ఆ పొడిని ఒంట్లోని కణాలు వారాల తరబడి కొద్దికొద్దిగా మోసుకుపోతాయి. అందుకే ఒక విడతకీ మరో విడతకీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. నలుపు త్వరగా వదులుతుంది. ఆకుపచ్చ, లేత నీలం, పసుపు మొండివి. యాత్రల్లో పొడిచే ఒంటిరంగు బొట్టుకు తక్కువ విడతలు చాలు. టాటూ దుకాణంలో యంత్రంతో దట్టంగా వేసినవాటికి ఎక్కువ పడతాయి. మనవంటి చామనఛాయ చర్మానికి లేజర్ రకం, మోతాదు చూసి వాడకపోతే తెల్లమచ్చో నల్లమచ్చో మిగులుతుంది. కనుక బ్యూటీ పార్లర్లలో చేయించుకోవద్దన్నారు. ఇంట్లో పూసే ఆసిడ్ మందుల జోలికైతే అసలే పోవద్దన్నారు.

నాకు అర్థమైన భాషలో చెప్పాలంటే ఇది వాయిదాల అప్పు. తీసుకున్నది ఒక సాయంత్రం, తీర్చేది ఏడాది పైన. ముందే కట్టేస్తానంటే కుదరదు. వడ్డీ కూడా బాగానే ఉంది, వేయించినదానికి ఎన్నో రెట్లు ఖర్చయింది. ఇలాంటివాటికి ఆరోగ్యబీమా సాధారణంగా వర్తించదు.

ఇక నొప్పి. కళ్లకు అద్దాలు పెట్టి నాకు మొదలుపెట్టారు. టక్ టక్‌మని చప్పుడు. మందపాటి రబ్బరుబ్యాండు సాగదీసి వదిలినట్టు, వెంటనే వేడినూనె చుక్క పడినట్టు. మూడు నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చి అమ్మాయితో, "ఏం లేదమ్మా, చీమ కుట్టినట్టుంది" అన్నాను.

అక్కడే పొరపాటు చేశాను. భుజం కింద కండ ఉంటుంది. మణికట్టు దగ్గర చర్మం పల్చన, కింద ఎముక. నిమిషం గడవకుండానే అమ్మాయి ఏడ్చేసింది, చెయ్యి లాక్కుంది. రైల్లో తిరిగొస్తూ మాట్లాడలేదు. ఛత్రపురం దాటాక, "చీమ అన్నావు నాన్నా" అంది. నొప్పికన్నా నేను అబద్ధం చెప్పినందుకే ఎక్కువ బాధపడింది.

రెండో విడతకు నిజం చెప్పాను. "బాగానే నొప్పి పుడుతుంది, కాని రెండు నిమిషాలు. నేను గడియారం చూసి చెబుతుంటాను" అన్నాను. డాక్టరుగారు కూడా ఈసారి తిమ్మిరి క్రీము గంట ముందే రాసి, పైన పల్చని ప్లాస్టిక్ కాగితం చుట్టారు. ఈ క్రీము మోతాదు డాక్టరే చెప్పాలి, సొంతంగా ఎక్కువ పూసుకోకూడదు. లేజర్ చేస్తున్నంతసేపూ చల్లగాలి కొట్టించారు. నేను పదేసి సెకన్లకు లెక్క చెప్పాను. అమ్మాయి పళ్లు బిగబట్టింది కాని చెయ్యి కదల్చలేదు.

తరవాత జరిగేవీ ముందే తెలిస్తే కంగారుండదు. అయిన వెంటనే ఆ చోటు తెల్లగా పొంగుతుంది, ఇరవై నిమిషాల్లో తగ్గుతుంది. ఆపైన ఎండలో కమిలినట్టు ఒకటి రెండు రోజులు మంట, వాపు. నీటిపొక్కులు రావచ్చు, వాటిని గిల్లకూడదు. ఇచ్చిన పూతమందు రాసి, శుభ్రంగా కప్పి ఉంచాలి. పొక్కు కట్టిన చెక్కు తనంతట తానే ఊడాలి. మానడానికి వారం రెండు వారాలు పడుతుంది. ఆ చోట ఎండ తగలనివ్వకూడదు. చీము, జ్వరం, రోజురోజుకీ పెరిగే నొప్పి ఉంటే మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించాలి. దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బే ఒళ్లున్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

నా "చిరంజివి" నాలుగు విడతలకే వెళ్లిపోయాడు. అమ్మాయికి ఏడయ్యాయి. పేరు పోయింది. తీగలో ఆకులు రెండు లేతగా మిగిలాయి, ఆ చోట చర్మం కాస్త తెలుపు తిరిగింది. పూర్తిగా ఏమీ లేనట్టు అవుతుందని డాక్టరుగారు మొదటే చెప్పలేదు, మేమూ ఆశపెట్టుకోలేదు. ఆ రెండు ఆకులూ ఉండనీ అంటోంది. మొన్న ఉగాదినాడు గడియారం తీసేసి, గాజులు వేసుకుని అందరికీ వడ్డించింది. ఎవరూ ఏమీ అడగలేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి చెయ్యి ఉండవచ్చు. పిల్లల్ని తిట్టడం వల్ల సిరా వదలదు, అది నేను చూశాను. వెంట వెళ్లండి. నొప్పి ఉండదని మాత్రం చెప్పకండి. ఎంత ఉంటుందో, ఎంతసేపు ఉంటుందో చెప్పి, పక్కన నిలబడి లెక్కపెట్టండి.