పవర్ పాప్: అప్పట్లో ఎవరూ కొనలేదు.. ఇప్పటికీ వింటూనే ఉన్నారు!

గట్టి గిటార్, తియ్యటి ట్యూన్.. మూడు నిమిషాల్లో పాట అయిపోతుంది. బీటిల్స్ బాటలో వచ్చిన పవర్ పాప్ ఇదే. ఫ్యాషన్‌ను నమ్ముకోలేదు కాబట్టే పాతబడలేదు. కానీ మూల్యం చెల్లించింది ఎవరు? అమెరికాలోని మెంఫిస్ బ్యాండ్ 'బిగ్ స్టార్' సంగతే చూడండి. 1972లో తొలి ఆల్బమ్‌కు రివ్యూలు అదిరాయి. తీరా చూస్తే షాపుల్లో రికార్డులే లేవు! పంపిణీ అంత అధ్వానం. పాటలు రాసి, పాడిన క్రిస్ బెల్ 1978లో కారు ప్రమాదంలో చనిపోయారు. వయసు 27.

ఆ బాణీని అందుకున్న స్కాట్లాండ్ బ్యాండ్ 'టీనేజ్ ఫ్యాన్‌క్లబ్' ఆల్బమ్‌కే 1991లో స్పిన్ మ్యాగజైన్ ఫస్ట్ ర్యాంక్ ఇచ్చింది.. అదీ నిర్వాణా 'నెవర్‌మైండ్'ను కాదని! బెల్ పాడిన పాటేమో 1998లో 'దట్ సెవెంటీస్ షో' సీరియల్ టైటిల్ సాంగ్‌గా ఇంటింటికీ చేరింది. అదీ వేరేవాళ్ల గొంతుతో.