తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే...

మొన్న వానాకాలం జ్వరాలప్పుడు వార్డెన్ సార్ మా హాస్టల్ నుంచి పదకొండు మందిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. వారిలో ఎనిమిదో తరగతి తమ్ముళ్లు ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు. పుట్టినతేదీ కూడా ఒకటే, జూన్ 1. (మనలో సగంమందికి బడిలో చేర్చుకున్న పంతులుగారు వేసిన పుట్టినరోజే కదా!) తండ్రుల పేర్లు వేరు. కానీ కౌంటర్‌లో ఆ గడి ఎవరూ నింపలేదు. కంప్యూటర్ ఇద్దరినీ ఒక్కడిగా లెక్కేసింది. ప్లేట్‌లెట్లు పడిపోయినవాడికి రెండోవాడి రిపోర్టు చూసి "బాగానే ఉంది, వెళ్లు బాబూ" అన్నారు. తోడు వెళ్లిన పదో తరగతి అన్న రక్తం తీసిన సీసా నంబరు అరచేతిలో రాసుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఇది మన ఊళ్ల గొడవే అనుకోవద్దు. అమెరికాలో మాజీ సైనికులకు వైద్యం చేసే ప్రభుత్వ శాఖ 2020 అక్టోబరులో స్పోకేన్ నగరంలోని తమ ఆస్పత్రిలో కొత్త ఎలక్ట్రానిక్ రికార్డుల పద్ధతి పెట్టింది. డాక్టరు పరీక్షకో, మరో డాక్టరు దగ్గరికో రాస్తే, అది ఎక్కడికి పంపాలో యంత్రానికి తెలియనప్పుడు ఎవరూ చూడని ఒక వరసలో పడేసేది. రాసిన డాక్టరుకు ఆ సంగతే తెలిసేది కాదు. 2021 జూన్ నాటికి అలా 11,000కు పైగా పోయాయి. రోగులకు హాని జరిగిన సందర్భాలు 149 అని 2022 జూలైలో ఆ శాఖ తనిఖీ విభాగమే నివేదిక ఇచ్చింది. ఇల్లులేని ఒక మాజీ సైనికుడికి ఆత్మహత్య ఆలోచనలుండేవి. అతనికి మానసిక వైద్యుడి దగ్గర రాసిన అపాయింట్‌మెంటు కూడా ఆ వరసలోనే మాయమైంది. చివరికి అతన్ని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది.

యంత్రం ఆగిపోతే కనీసం అందరికీ తెలుస్తుంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు రోజుల తరబడి కాగితాల మీద రాసి పని నడిపారు. తిప్పలు పడ్డారు, నిజమే. మాకు భయమల్లా నడుస్తూనే తప్పు చూపించే యంత్రంతో.

అలాగని కంప్యూటర్ వద్దనడం లేదు. ఊరి నుంచి హాస్టల్‌కు, ఇక్కడి నుంచి పట్నానికి తిరిగే మనకు రేకుపెట్టెలో చిరిగే చీటీలకంటే 14 అంకెల ఆభా నంబరు మేలే. అయితే అది ఆధార్‌లో ఉన్న పేరునూ పుట్టినతేదీనీ తెచ్చుకుంటుంది. అక్కడ తప్పుంటే ఇక్కడా తప్పే. అందుకే వివరాలు ఎక్కించేటప్పుడు పిల్లవాడికి చదివి వినిపించాలనీ, నర్సమ్మ రాసే ఆరోగ్య రిజిస్టరు ఆపేయవద్దనీ అడుగుతున్నాం. సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు తమ ప్రోగ్రాంలలో ఆ తండ్రి పేరు గడి నింపనిదే ముందుకు కదలకుండా చేయగలరేమో చూడాలి.

తమ్ముళ్లిద్దరూ ఇప్పుడు బాగున్నారు, ఈసారి కబడ్డీ జట్టులో కూడా ఉన్నారు. వాళ్ల రికార్డులు మాత్రం ఇంకా కలిసే ఉన్నాయి. విడదీయమని రెండుసార్లు అర్జీ పెట్టాం. "పైనుంచి చేయాలి" అన్నారు.