పేరు లేని ఇంజనీరింగు: పాత జీపు స్టీరింగు రాడ్డు



కడప జిల్లా, జీపు. ఈ రెండు మాటలూ కలిపి వినగానే చాలామందికి ముందు సీట్లో కూర్చున్న మనిషే కళ్లముందు మెదులుతాడు. సినిమావాళ్లు ఆయనకు మీసం పెట్టారు, వెనక పది బండ్లు పెట్టారు, దుమ్ము లేపారు. ఆ బండి స్టీరింగు పట్టేస్తే సరిచేసిందెవరని మాత్రం ఒక్క సినిమా కూడా అడగలేదు. ఈ వారం మనం అడుగుదాం.

వేముల మండలమంటే ముగ్గురాయి గనులు, తుమ్మలపల్లె యురేనియం గని, పులివెందుల వైపు అరటి తోటలు. ఆసాములు కొత్త బండ్లు కొనుక్కున్నాక వాళ్ల పాత జీపులు చేతులు మారి మా వాడల దాకా వచ్చినాయి. తోట పనికి పోయే ఆడవాళ్లు, గనికి పోయే మగవాళ్లు వెనక ఇరుక్కొని కూర్చునేది వాటిలోనే. మా పల్లెలో బండికి యజమాని మారాడు గానీ వెనక కూర్చునే మనిషి మారలేదు. బండి కింద పడుకొని పని చేసే మనిషీ మారలేదు. నేను తిరిగిన షెడ్లలో ఎక్కువగా కనిపించింది మాల, మాదిగ, దూదేకుల, ముస్లిం పిల్లలే.

1940ల చివర మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ పాత రకం జీపులో స్టీరింగు చక్రం నుంచి కింద స్టీరింగు బాక్సు దాకా ఒకటే పొడుగు రాడ్డు, మధ్యలో జాయింటు ఉండదు. బాక్సు అరిగిపోయి, అసలు సామాను దొరకనప్పుడు, యజమాని ఇంకో బండి బాక్సు తెస్తాడు. పవర్ స్టీరింగు బాక్సే కావాలంటాడు. అసలు పని అక్కడ మొదలవుతుంది.

కొత్త బాక్సు మొన పొట్టిది, దానికి పళ్లుంటాయి. పై రాడ్డుకు ఇంకో రకం పళ్లు. ముప్పావు అంగుళం మొనలోనే 30 పళ్లవీ ఉన్నాయి, 36 పళ్లవీ ఉన్నాయి. చూపుకు ఒకటే మాదిరి, ఒకదాంట్లో ఒకటి దిగవు. సుత్తితో కొట్టి దించితే పళ్లు నలుగుతాయి, వదులై ఒకరోజు జారిపోతాయి. రెండు మొనలూ ఎదురెదురుగా పెట్టి వెల్డింగు చేస్తే పైకి అతుకు బాగానే ఉంటుంది. కానీ ఆ వేడికి అతుకు పక్కన ఉక్కు గుణం మారుతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది.

సరైన పద్ధతి వేరే. రెండు పక్కలా పళ్లు లెక్కపెట్టి, వెర్నియరుతో కొలిచి, ఆ కొలతకు పళ్లు కోసిన జాయింట్లు తెచ్చుకోవాలి, లేదంటే ఆ పని వచ్చిన మిషను షాపులో కోయించుకోవాలి. మధ్య రాడ్డుకు రెండు చివరలా రెండు క్రాసు జాయింట్లు. రాడ్డు మధ్యలో ఒకదాంట్లో ఒకటి జారే ఏర్పాటు ఉండాలి. ఎందుకంటే జీపు బాడీ రబ్బరు బుష్షుల మీద ఊగుతుంది, బాక్సు ఛాసిస్‌ను పట్టుకొని ఉంటుంది. గుంతలో దిగినప్పుడు ఆ రెంటి మధ్య దూరం మారుతుంది. జారే వీలు లేకపోతే ఆ తోపుడంతా బాక్సు బేరింగు మీద పడుతుంది.

ఇంకో సంగతి ఉంది. క్రాసు జాయింటు వంకరగా తిరిగినప్పుడు వేగం సమంగా ఉండదు. 30 డిగ్రీల వంపులో ఒక్క జాయింటే ఉంటే, పైన మనం ఒకే వేగంతో తిప్పినా కింది రాడ్డు వేగం ఒక్క చుట్టులోనే సుమారు 87 శాతానికి తగ్గి, 115 శాతానికి పెరుగుతుంది. చేతికి ఒకచోట బిగువు, ఒకచోట వదులు తగులుతుంది. రెండు జాయింట్లు పెట్టి, రెంటి వంపూ సమానంగా ఉంచి, మధ్య రాడ్డు రెండు చివరల ఫోర్కులను ఒకే వరసలో నిలబెడితే ఒకదాని తేడాను ఇంకొకటి సరిచేస్తుంది. ఒక పన్ను పక్కకు బిగించినా ఆ లెక్క తప్పుతుంది.

ఇది చదువుతున్న ఇంజనీరింగు పిల్లలకు ఈ లెక్క తెలిసే ఉంటుంది. పులివెందుల జేఎన్టీయూ కాలేజీలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో మెకానికల్ చదివినవాళ్లు దీన్నే హుక్స్ జాయింట్ అని పరీక్షలో రాసుంటారు. 17వ శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరది. క్లాసులో రాస్తే మార్కులు, షెడ్డులో చేస్తే మసి. లెక్క ఒకటే, మధ్యలో గోడ ఉంది. ఆ గోడ పేరు కులం. బుద్ధికీ చేతికీ మధ్య కులం గీసిన గీత గురించి బాబాసాహెబ్ ఏనాడో తేల్చి చెప్పారు. చేత్తో చేసేవాడికి ఆలోచన ఉండదని, ఆలోచించేవాడు చేత్తో చేయకూడదని నమ్మే సమాజం మనది.

ఈ పని కొత్తదీ కాదు. బోర్లు రాకముందు మన సీమలో కపిలతో నీళ్లు తోడేవాళ్లు. ఇనుప బానకు తోలు తొండం కుట్టేది మాదిగ పెద్దలు. ఒకటి ఇనుము, ఒకటి తోలు. ఒకటి వంగదు, ఒకటి వంగుతుంది. ఆ రెంటినీ నీళ్లు కారకుండా, ఎద్దుల లాగుడుకు తెగకుండా కలపడమంటే ఇంజనీరింగు కాదా? ఆ నీళ్లతో పండిన మడి ఎవరిదో రికార్డుల్లో ఉంటుంది. తొండం కుట్టిన తాత పేరు ఎక్కడా ఉండదు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. మిసిసిపీలో నెడ్ అనే నల్లజాతి బానిస పత్తి చేనుకు పనికొచ్చే కొత్త పరికరం తయారుచేశాడు. యజమాని తన పేరున పేటెంటు అడిగాడు. 1858లో అటార్నీ జనరల్ జెరెమయా బ్లాక్, బానిస కనిపెట్టినదానికి పేటెంటు కుదరదన్నాడు. యజమాని కనిపెట్టలేదు గనక ఆయనకు రాదు. బానిస పౌరుడు కాదు గనక అతనికీ రాదు. పరికరం మాత్రం పనిచేస్తూనే ఉంది!

మన దగ్గర పేటెంటు దాకా ఎందుకు, 'జుగాడ్' అనే ముద్దుపేరు ఉంది. మేనేజిమెంటు పాఠాల్లో ఈ మాటను తెగ మెచ్చుకుంటారు. నాకు ఆ మెప్పు మీద కోపం. సూటు వేసుకున్నవాడు చేస్తే డిజైను, మసి బట్టలవాడు చేస్తే జుగాడా? ఈ మెప్పులో ఇంకో మోసం కూడా ఉంది. తక్కువ డబ్బుతో, సరైన సామాను లేకుండా, రాత్రికి రాత్రే పని కానిచ్చెయ్ అని ఒత్తిడి పెట్టేవాడిని ఆ మాట దాచేస్తుంది. లోయలో రాడ్డు విరిగితే చచ్చేది వెనక కూర్చున్న మన కూలీలు. కేసు వచ్చేసరికి ఊరు వేలెత్తేది డ్రైవరు మీద, షెడ్డు పిల్లోడి మీద.

చట్టం అలా చెప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు లెక్కకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో 182ఏ సెక్షను చేరింది. దాని ప్రకారం అనుమతి లేకుండా మార్పించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యజమానికి, అని మళ్లీ చదవండి.

'ఇట్లాంటి రూల్స్ మాట్లాడితే మనవాళ్ల షెడ్లే మూతపడతాయి కదన్నా' అని కొందరు తమ్ముళ్లు అంటారు. ఆ భయం ఉత్తదేం కాదు. కాకపోతే రూల్స్ లేని చోట మనవాళ్లకు దక్కింది స్వేచ్ఛ కాదు, తక్కువ కూలీ, ఎక్కువ నింద. చెడ్డ పని చెయ్యనని చెప్పగలిగిన రోజే పనివాడికి గౌరవం. చెప్పాలంటే చేతిలో కాగితం ఉండాలి.

అందుకే నేను అడిగేవి ఇవి. పని చేస్తూ నేర్చుకున్న విద్యకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో వచ్చిన కేంద్ర కౌశల్ వికాస్ యోజనలో ఉంది. అది మండల కేంద్రంలో, తెలుగులో, మన షెడ్డు పిల్లలకు అందాలి. అప్రెంటిస్ చట్టంలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. గనుల వర్క్‌షాపుల్లో అది ఎన్ని సీట్లుగా అమలవుతోందో విద్యార్థి సంఘాలు సమాచార హక్కు కింద అడగాలి. షెడ్డులో స్టీరింగు, బ్రేకు పని ఏది చేసినా అనుమతి చూపించింది ఎవరు, చేయించింది ఎవరు, చేసింది ఎవరు అని చీటీ రాసుకోవాలి.

మెకానికల్ చదివే పిల్లలూ, ఈ సెలవుల్లో వెర్నియరు పట్టుకొని ఒక షెడ్డుకు పోండి. నేర్పడానికి కాదు, ముందు నేర్చుకోవడానికి. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి, రాడ్డు ఎక్కడా సైలెన్సరుకు తగలడం లేదని ఆ అన్న వేళ్లతో ఎలా చూస్తాడో చూడండి. తర్వాత మీకు తెలిసిన కోణాల లెక్క కాగితం మీద గీసి ఆయన చేతికివ్వండి. మీ ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో ఆయన పేరు రాయండి, ఇంటిపేరుతో సహా.

జై భీమ్.