దుల్హన్ పేరేది?

మొన్న ఒక షాదీ రుఖా వచ్చింది. దూల్హా పేరు, వాలిద్ పేరు, చదువు, నౌకరీ అన్నీ బంగారు అక్షరాల్లో ఉన్నాయి. దుల్హన్ దగ్గరికొచ్చేసరికి ‘దుఖ్తర్-ఎ-నేక్ అఖ్తర్ జనాబ్ ఫలానా సాహెబ్’. అంతే. పిల్ల పేరు గాయబ్! అది చూస్తుంటే రెండు తమ్గాలు యాదికొచ్చాయి. రెండూ 1878లో పుట్టినవే. రెండూ ఔరత్‌లకే ఇచ్చేవి. రెండూ ఇప్పుడు లేవు.

మొదటిది విక్టోరియా రాణి పెట్టిన ఇంపీరియల్ ఆర్డర్ ఆఫ్ ది క్రౌన్ ఆఫ్ ఇండియా. వజ్రాలు, ముత్యాలు, ఫిరోజా రాళ్లతో రాణి పేరు పొడి అక్షరాలు, పైన తాజ్, లేత నీలం రిబ్బను. ఇంగ్లండ్ షాహీ ఖాందాన్ ఆడవాళ్లకు, మన సంస్థానాల జనానాకు, వైస్రాయ్, గవర్నర్ల భార్యలకు ఇచ్చేవారు. ‘నువ్వేం చేశావు’ అని కాదు, ‘నువ్వెవరి తాలూకు’ అన్నదే అక్కడ సవాల్. 1947 తర్వాత ఎవరికీ ఇవ్వలేదు.

రెండోది ఉస్మానీ సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ పెట్టిన షఫ్ఖత్ నిషాన్. రష్యాతో జంగ్‌లో ఇల్లూ వాకిలీ పోయిన ముహాజిర్లకు చందాలు పోగుచేసిన ఇంగ్లీషు దొరసాని ఏంజెలా బర్డెట్-కూట్స్‌కూ అది దక్కింది. దానిమీద మూడు మాటలు: ఇన్సానియత్, ముఆవనత్, హమియ్యత్. తర్వాత రాయబారుల భార్యలకూ పంచారు, నిజమే. కానీ అసలు నియ్యత్ మాత్రం ఖిద్మత్‌కు ఇజ్జత్ ఇవ్వడమే.

క్రౌన్ ఆఫ్ ఇండియా అందుకున్నవాళ్లలో భోపాల్ షాజహాన్ బేగం, ఆమె కూతురు సుల్తాన్ జహాన్ బేగం ఉన్నారు. వీళ్లు ఎవరి చాటు బేగంలో కాదు, గద్దెనెక్కి హుకూమత్ చేసినవాళ్లు. తల్లి తాజుల్ మసాజిద్ మొదలుపెట్టింది. కూతురు 1920లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి తొలి ఛాన్సలర్ అయింది. వాళ్ల తమ్గా ఇవాళ ఎవరికి యాదుంది? మసీదు ఉంది, యూనివర్సిటీ ఉంది, వాళ్ల పేర్లు ఉన్నాయి.

పేరు దాచడం హయా అంటారు కొందరు పెద్దలు. సుల్తాన్ జహాన్ బేగం చాలా కాలం బుర్ఖాలోనే రాజ్యమేలింది. ముఖం దాచింది గానీ పేరు దాచలేదు. హజ్రత్ ఖదీజా, హజ్రత్ ఫాతిమాల పేర్లు మింబర్ మీద అదబ్‌తో తలుచుకునే మనకు సొంత బిడ్డ పేరు రుఖాలో రాయడానికి షరమ్ ఎందుకు?

నిఖానామాలో ఎలాగూ రాయాల్సిందే కదా భాయ్. రుఖాలో కూడా రాయండి.